డాక్టర్‌తో అగ్రిమెంట్ ఉన్నా ప్రిస్క్రిప్షన్ వెనక్కి వస్తోంది, అర్జెంట్

ఇర్వింగ్ ఎఫ్‌ఎన్‌పీ:
అందరికీ నమస్కారం. నేను ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్‌ని (ఎఫ్‌ఎన్‌పీ), అంటే పేషెంట్లని చూసి మందులు రాసే నర్స్‌ని. పొద్దున 9 నుంచి ఒకే ప్రిస్క్రిప్షన్‌తో కుస్తీ పడుతున్నాను. నేను పంపడం, ఫార్మసీ వెనక్కి కొట్టడం. ఇప్పటికి మూడుసార్లయింది, ఫార్మసీ కూడా మార్చి చూశాను. ఫోన్ చేస్తే 40 నిమిషాలు హోల్డ్‌లో పెట్టి, "మీకు అథారిటీ లేదు" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేశారు. నాకు లైసెన్స్ ఉంది, కంట్రోల్డ్ మందులు (గట్టి నిఘా ఉండేవి) రాయడానికి కేంద్ర సంస్థ ఇచ్చే డీఈఏ నంబర్ ఉంది, నాకు మందులు రాసే అధికారం ఇస్తూ డాక్టర్‌గారితో చేసుకున్న అగ్రిమెంట్ మీద సంతకాలై నెల దాటింది. ఆరేళ్లుగా రాస్తున్నాను, ఒక్కసారి కూడా ఇలా ఆగలేదు. పిల్లాడి తల్లి పార్కింగ్‌లో కారులోనే కూర్చుంది, సీసాలో రేపటికి ఒక్క మాత్రే ఉందట. ఎవరికైనా ఇలా అయిందా? చాలా టెన్షన్‌గా ఉంది.

పాత ఫార్మసిస్ట్:
ఏ మందు?

ప్లేనో ఆఫీస్ మేనేజర్:
ఇర్వింగ్ అంటే టెక్సాసే కదా. సంతకాలు పెడితే సరిపోదండీ. డాక్టర్‌గారు మెడికల్ బోర్డు సైట్‌లోకి వెళ్లి, ఫలానా నర్స్ ప్రాక్టీషనర్‌కి మందులు రాసే అధికారం ఇచ్చాను అని నమోదు చేయాలి. అది చేశారా? చాలామంది డాక్టర్లు అగ్రిమెంట్‌ని డ్రాయర్‌లో పడేసి మర్చిపోతారు. డాక్టర్‌తో నెలనెలా మీటింగ్ సంగతి కూడా చూసుకోండి. 2013 చట్టంలో మొదట్లో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడాలని ఉండేది, 2019లో మార్చాక ఫోన్‌లోనో వీడియోలోనో చేసుకోవచ్చు. కానీ మీటింగ్ జరిగినట్టు తేదీతో రాసి ఉంచాలి. మా క్లినిక్‌లో దానికి విడిగా ఒక నోట్‌బుక్ పెట్టాను: తేదీ, చూసిన చార్టులు, ఏం మాట్లాడుకున్నారు, ఇద్దరి సంతకాలు. ఏడాదికోసారి అగ్రిమెంట్ మళ్లీ చదివి సంతకం పెట్టాలి. మీ డాక్టర్ కింద ఇంకెంతమంది ఉన్నారో కూడా కనుక్కోండి, ఫుల్ టైమ్ లెక్కన ఒక డాక్టర్‌కి ఏడుగురే.

లాస్ క్రూసెస్ క్లినిక్:
ఈ బాధ పడలేకే నేను ఎల్ పాసో వదిలేశాను. కారెక్కితే గంటలోపే న్యూ మెక్సికో. అక్కడ ఏ డాక్టర్ సంతకమూ అక్కర్లేదు, నా పేషెంట్ నా బాధ్యత. టెక్సాస్‌లో నిన్నటిదాకా ఒక డాక్టర్‌కి నెలనెలా డబ్బు కట్టాను, ఆయన నా పేషెంట్లలో ఒక్కరి మొహం కూడా చూడలేదు. రాష్ట్రం సరిహద్దు దాటగానే నా చదువు పెరిగిపోయిందా?

జెర్సీ అక్క:
అందరినీ ఒకే గాట కట్టకండి. నేను న్యూజెర్సీలో చేసినప్పుడు మా కొలాబరేటింగ్ ఫిజీషియన్ (మాతో కలిసి పనిచేసే డాక్టర్) రాత్రి 11కి ఫోన్ చేసినా ఎత్తేవారు. మేమిద్దరం ఒప్పుకుని రాసుకున్న ఆ జాయింట్ ప్రోటోకాల్ పక్కన ఉందంటే నాకు ధైర్యం. అయినా అది సూపర్విజన్ కాదు, కొలాబరేషన్.

ప్లేనో ఆఫీస్ మేనేజర్:
అది మీ దగ్గర అక్కా. టెక్సాస్‌లో డెలిగేషన్ అంటారు. అధికారం డాక్టర్‌ది, అందులో కొంత నర్స్ ప్రాక్టీషనర్‌కి అప్పగిస్తారు.

లాస్ క్రూసెస్ క్లినిక్:
పేరేదైనా సంతకం ఆయనదే కదండీ.

హైదరాబాద్ నర్సింగ్ ట్యూటర్:
మాటల దగ్గరే ఆగిపోతున్నారు కాబట్టి చెప్తున్నాను. అసలు నర్స్ ప్రాక్టీషనర్ అనే చదువు పుట్టిందే ఇద్దరు కలిసి పనిచేస్తే. 1965లో కొలరాడోలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదలుపెట్టారు. పల్లెల్లో పిల్లల్ని చూసేవాళ్లు లేరని. ఎవరి కింద ఎవరు అన్న గొడవ తర్వాత వచ్చింది. మన తెలంగాణలో 2017లో ఫెర్నాండెజ్ హాస్పిటల్ వాళ్లతో కలిసి ప్రభుత్వం మిడ్‌వైఫ్‌లకి శిక్షణ మొదలుపెట్టినప్పుడూ ఇదే ప్రశ్న. మామూలు కాన్పు మిడ్‌వైఫ్ చేస్తుంది, ఏదైనా తేడా వస్తే డాక్టర్‌ని పిలుస్తుంది. ఆ గీత ఎక్కడ గీయాలో లేబర్ రూమ్‌లో ఉన్నవాళ్లకి తెలుస్తుంది, కాగితానికి తెలియదు. నా స్టూడెంట్స్‌కి నేను మొదట నేర్పేది ఎప్పుడు పిలవాలో. బిడ్డని ఎలా పట్టుకోవాలో ఆ తర్వాతే.

పాత ఫార్మసిస్ట్:
ఏ మందో ఇంకా చెప్పలేదు.

ఇర్వింగ్ ఎఫ్‌ఎన్‌పీ:
సారీ, పేషెంట్లతో ఉన్నాను. బోర్డులో నమోదైంది, ఇప్పుడే చూశాను, నా పేరు ఉంది. మందు అడరాల్, ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత కుదరని సమస్యకి) ఇచ్చేది. పిల్లాడికి పదేళ్లు, వేరే రాష్ట్రం నుంచి పోయిన వారమే వచ్చారు, పాత డాక్టర్ చార్టు మొత్తం ఉంది. నా డీఈఏలో షెడ్యూల్ 2 (డాక్టర్లు రాయగలిగిన కంట్రోల్డ్ మందుల్లో అన్నిటికన్నా గట్టి నిఘా ఉండే వర్గం) కూడా ఉంది. ఇంతకుముందు హాస్పిటల్ ఎమర్జెన్సీలో ఉన్నప్పుడు హైడ్రోకోడోన్ లాంటి నొప్పి మందులు రాసేదాన్ని. ఫ్యామిలీ క్లినిక్‌కి మారి నెలే అయింది.

పాత ఫార్మసిస్ట్:
అదీ సంగతి. క్లినిక్ నుంచి షెడ్యూల్ 2 మీరు రాయకూడదు. టెక్సాస్‌లో నర్స్ ప్రాక్టీషనర్‌కి షెడ్యూల్ 2 రెండు చోట్లే: హాస్పిటల్‌లో అడ్మిట్ అయిన లేదా ఎమర్జెన్సీకి వచ్చిన పేషెంట్‌కి, హాస్పిస్‌లో (చివరి దశలో ఉన్నవాళ్ల సంరక్షణలో). హాస్పిటల్‌లో రాసినవి కూడా ఆ హాస్పిటల్ ఫార్మసీలోనే ఇస్తారు, అందుకే ఇన్నేళ్లూ మీకు తెలియలేదు. డీఈఏ కేంద్రానిది. ఏది రాయొచ్చో రాష్ట్ర చట్టం చెప్తుంది. షెడ్యూల్ 3 నుంచి 5 వరకు రాసుకోండి, రీఫిల్స్‌తో కలిపి 90 రోజులకి మించకుండా. ఫార్మసీ వాళ్ల తప్పేం లేదు.

ఇర్వింగ్ ఎఫ్‌ఎన్‌పీ:
అయ్యో. అగ్రిమెంట్‌లో "కంట్రోల్డ్ మందులు" అని ఉంటే అన్నీ అనుకున్నాను. మరి ఇప్పుడెలా? డాక్టర్‌గారికి ఫోన్ చేస్తే, "నా టోకెన్ నా టేబుల్ సొరుగులో ఉంది, పిన్ చెప్తాను, నా పేరు మీద పంపెయ్యమ్మా" అన్నారు. సొరుగు తీశాను కూడా. కంప్యూటర్‌లో ప్రిస్క్రిప్షన్ పంపేటప్పుడు డాక్టర్ కొట్టే కోడ్ చూపించే పరికరం అది, తాళంచెవి అంత ఉంది, ఆరంకెలు వెలుగుతున్నాయి.

పాత ఫార్మసిస్ట్:
దాన్ని ముట్టుకోవద్దు. సొరుగు మూసెయ్యండి. ఆ టోకెన్ ఆయన సంతకంతో సమానం, ఇంకొకరికి ఇవ్వకూడదని డీఈఏ నిబంధన. రేపు ఏదైనా వస్తే ఇద్దరి లైసెన్సులూ పోవచ్చు. డాక్టర్‌గారే చార్టు చూసి, తల్లితో మాట్లాడి, తన చేత్తో పంపాలి. షెడ్యూల్ 2కి రీఫిల్ ఉండదు. కానీ ఆయన అనుకుంటే ప్రిస్క్రిప్షన్లు విడివిడిగా, ఫలానా తేదీకి ముందు ఇవ్వొద్దని రాసి, మొత్తం 90 రోజులకి సరిపడా ఒకేసారి పంపొచ్చు. అప్పుడు ఆ తల్లి నెలనెలా ఇలా ఎదురుచూడక్కర్లేదు.

జెర్సీ అక్క:
టోకెన్ విషయంలో ఫార్మసిస్ట్‌గారు చెప్పింది వినమ్మా. మీ డాక్టర్‌గారు మంచి మనసుతోనే అని ఉంటారు, అయినా వద్దు.

లాస్ క్రూసెస్ క్లినిక్:
చూశారా, పేషెంట్‌ని చూసింది ఆవిడ, చార్టు చదివింది ఆవిడ. డాక్టర్ వచ్చేదాకా పిల్లాడు ఆగాలి.

ప్లేనో ఆఫీస్ మేనేజర్:
హైడ్రోకోడోన్‌ని వేరే మందుతో కలిపిన మాత్రలు 2014 అక్టోబర్ దాకా షెడ్యూల్ 3లోనే ఉండేవి. అప్పుడు మా క్లినిక్ నర్స్ ప్రాక్టీషనర్లూ రాసేవాళ్లు. 2కి మార్చిన వారం మా ఫోన్ మోగుతూనే ఉంది.

ఇర్వింగ్ ఎఫ్‌ఎన్‌పీ:
డాక్టర్‌గారు ఐదున్నరకి క్లినిక్‌కి వస్తానన్నారు. తల్లిని లోపలికి పిలిచి కూర్చోబెట్టాను, పిల్లాడు హోంవర్క్ చేసుకుంటున్నాడు. థాంక్స్ అండీ అందరికీ.

పాత ఫార్మసిస్ట్:
పంపేముందు ఆ ఫార్మసీలో స్టాక్ ఉందో లేదో అడగండి. 2022 నుంచి అడరాల్‌కి కొరత వస్తూనే ఉంది.

జెర్సీ అక్క:
మరి టెక్సాస్‌లో డాక్టర్ సెలవులో ఉంటే బదులు ఇంకో డాక్టర్ పేరు అగ్రిమెంట్‌లో రాసుకుంటారా? మా అమ్మాయి హ్యూస్టన్‌లో చేరబోతోంది, అందుకే అడుగుతున్నాను.