ఎప్‌స్టీన్ ఇనప్పెట్టెలో ఆస్ట్రియా పాస్‌పోర్టు: "హైజాకర్లకు చూపించడానికే" అన్న మాట నిలుస్తుందా?

కృష్ణలంక:
మైనర్ బాలికల అక్రమ రవాణా కేసులో అమెరికా ధనవంతుడు జెఫ్రీ ఎప్‌స్టీన్‌ను 2019 జులై 6న, పారిస్ నుంచి వచ్చి న్యూజెర్సీలోని టెటర్‌బరో విమానాశ్రయంలో దిగగానే పట్టుకున్నారు. మన్‌హాటన్ ఇంట్లో ఇనప్పెట్టె తెరిస్తే 70 వేల డాలర్లకు పైగా నగదు, 48 విడి వజ్రాలు, ఎప్పుడో గడువు తీరిన ఆస్ట్రియా పాస్‌పోర్టు దొరికాయి. ఫొటో అతనిదే. పేరు వేరు. నివాసం సౌదీ అరేబియా అని ఉంది. లాయర్లు చెప్పింది ఇదీ: అతను డబ్బున్న యూదుడు, 1980లలో హైజాకింగులు ఎక్కువ, మధ్యప్రాచ్యం వెళ్తే రక్షణకు ఉంటుందని ఒక స్నేహితుడు ఇచ్చాడు, ఎన్నడూ వాడలేదు. నాకైతే ఇది కట్టుకథే అనిపిస్తోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

నల్లకోటు:
కట్టుకథ అని అంత తేలిగ్గా తీసేయకండి. ఆ భయం నిజం. 1976లో హైజాక్ చేసిన విమానాన్ని ఉగాండాలోని ఎంటెబీలో దింపి, ఇజ్రాయెలీలను మిగతా బందీల నుంచి విడదీశారు. 1985 జూన్‌లో టీడబ్ల్యూఏ 847 విమానంలో యూదుల పేర్లలా వినిపించినవాళ్లను వేరుచేసి తీసుకెళ్లారు. అదే ఏడాది అక్టోబరులో హైజాక్ అయిన అకీలె లౌరో నౌకలో 69 ఏళ్ల అమెరికన్ యూదుడు లియాన్ క్లింగ్‌హాఫర్‌ను చంపారు. 1986 సెప్టెంబరు 5న కరాచీలో పాన్ ఆమ్ 73లో హైజాకర్లు పాస్‌పోర్టులు సేకరించమన్నప్పుడు నీర్జా భనోత్, తోటి సిబ్బంది అమెరికన్ల పాస్‌పోర్టులు దాచేయడం మనందరికీ తెలిసిందే. చేతిలో ఏ దేశం పాస్‌పోర్టు పుస్తకం ఉందన్నదాని మీదే ప్రాణం ఆధారపడిన రోజులవి. తటస్థ దేశమైన ఆస్ట్రియా పుస్తకం, అందులో సౌదీ నివాసం ఉంటే ఆ అవసరానికి సరిగ్గా సరిపోతాయి.

ముద్రలబల్ల:
నల్లకోటు గారూ, భయం నిజమే, ఒప్పుకుంటాను. కానీ ఆ భయానికి అప్పట్లో అమ్మింది వేరే సరుకు. దాన్ని కేమోఫ్లేజ్ పాస్‌పోర్టు అనేవారు. సిలోన్, బ్రిటిష్ హోండూరస్ లాంటి రద్దయిపోయిన పేర్లతో అచ్చువేసేవారు. తుపాకీ పట్టుకున్నవాడికి చూపించడానికి పనికొస్తుంది, సరిహద్దు కౌంటర్‌లో చెల్లదు. అలాంటి దేశమే లేదు కనుక ఎవరి సంతకాన్నీ ఫోర్జరీ చేసినట్టు కాదు. ఇక్కడ దొరికింది నిజంగా ఉన్న దేశం పుస్తకం. అదీ ముద్రలతో సహా.

జులై 17న ప్రాసిక్యూషన్ కోర్టుకు చెప్పింది ఆ ముద్రల గురించే. 1980లలో ఫ్రాన్స్, స్పెయిన్, బ్రిటన్, సౌదీలకు వెళ్లి వచ్చినట్టు అందులో ప్రవేశ, నిష్క్రమణ ముద్రలు ఉన్నాయి. "వాడలేదు" అన్న మాటకు మొదటి దెబ్బ అక్కడే పడింది.

వీటిలో సౌదీ ముద్రను ప్రత్యేకంగా చూడాలి. ఆ రోజుల్లో సౌదీకి మామూలు టూరిస్టు వీసా లేదు, అది 2019లో వచ్చింది. ఉద్యోగమో వ్యాపారమో చూపించాలి, అక్కడ ఒక స్పాన్సర్ ఉండాలి, రాయబార కార్యాలయంలో దరఖాస్తు పెట్టాలి. ముద్ర అసలుదైతే ఆ పేరుతో ఎవరో ఒకరు ఇంత పనీ చేసే ఉండాలి.

నల్లకోటు:
"ఎవరో ఒకరు" అన్నారు కదా, కీలకం అదే. ఆ ముద్రలు పుస్తకం ఎప్‌స్టీన్ చేతికి రాకముందువని, అవి అతని ప్రయాణాలు కావని డిఫెన్స్ వెంటనే బదులిచ్చింది. అతను ఫలానా రోజు ఫలానా కౌంటర్‌లో దాన్ని చూపించాడన్న సాక్ష్యం ప్రాసిక్యూషన్ పెట్టలేదు.

ముద్రలబల్ల:
ఆ బదులే వాళ్ల కథను ఇరుకున పెడుతుంది. ముద్రలు ముందువైతే, వాటితో తిరిగినవాడి ఫొటో ఏమైంది? దారులు మూడే. ఒకటి, పుస్తకం అసలుది, ఫొటో మార్చారు. రెండు, పుస్తకం, ముద్రలు అన్నీ నకిలీ, హైజాకర్‌కు నమ్మకం కుదరాలని ముద్రలు ముందే కొట్టి ఇచ్చారు. మూడు, ముద్రలు అతని ప్రయాణాలవే.

ఏది నిజమో పరీక్ష బల్ల మీద తేల్చవచ్చు. ఆ కాలపు పుస్తకాల్లో ఫొటో అతికించేవారు. దాని మూల మీద సగం, కాగితం మీద సగం పడేలా అధికారిక ముద్ర కొట్టేవారు. ఫొటో ఊడదీస్తే కింద కాగితం పీచు లేస్తుంది. కొత్త ఫొటో మీద ముద్ర మిగతా సగం గీయాలి, అప్పుడు వలయం గీత ఒక వెంట్రుకవాసి పక్కకు జరిగినా లెన్స్‌లో కనిపిస్తుంది. ఫొటోను బిగించే లోహపు రివెట్టు ఉంటే రంధ్రం అంచు రెండుసార్లు చిరిగి ఉంటుంది. అతినీలలోహిత కాంతిలో పాత జిగురు ఒక రంగు, కొత్తది ఒక రంగు మెరుస్తాయి.

ఫొటో కదిలిన జాడ లేకపోతే మొదటి దారి మూసుకుపోతుంది. తర్వాత ముద్రల పని. తేదీ, రేవు పేరు ఆ దేశపు నమూనాతో సరిపోతే రెండోదీ పోతుంది. చివరగా, అవే తేదీల్లో అతని అసలు అమెరికా పాస్‌పోర్టు ఏ దేశంలో ఉందో పక్కపక్కన పెట్టి చూడాలి. 30 ఏళ్ల నాటి సరిహద్దు రిజిస్టర్లు దొరక్కపోయినా ఈ పోలిక చేయవచ్చు.

అట్లాంటా_తెలుగు:
ఇంకో ఆచరణ సమస్య. విమానం టికెట్టు, ప్రయాణికుల జాబితా అసలు పేరుతో ఉంటాయి. నకిలీ పుస్తకంలో పేరు వేరు. హైజాకర్ జాబితా అడిగితే అక్కడే దొరికిపోతారు. పేరు కలవాలంటే టికెట్టు కూడా ఆ నకిలీ పేరుతోనే తీసుకోవాలి, అప్పుడు సరిహద్దులోనూ అదే చూపించాలి. అంటే "హైజాకర్‌కు మాత్రమే" అన్న వాడకం మామూలు విమానాల్లో దాదాపు కుదరదు.

నల్లకోటు:
ఇది మంచి పాయింటు, నా దగ్గర జవాబు లేదు. అయినా చట్టపరంగా ఒకటి చెప్పాలి. అమెరికాలో పాస్‌పోర్టు నేరాలకు కాలపరిమితి 10 ఏళ్లు. ఈ పుస్తకం గడువు తీరి అప్పటికే 32 ఏళ్లు. దాన్ని 80లలో వాడినందుకు కేసు పెట్టడానికి వీల్లేదు.

కృష్ణలంక:
మరి బెయిల్ విచారణలో ఎందుకు తెచ్చినట్టు?

నల్లకోటు:
శిక్ష కోసం కాదు, పారిపోయే అవకాశం లెక్కగట్టడానికి. బెయిల్ విచారణలో పూర్తి సాక్ష్య నిబంధనలు వర్తించవు. పారిపోతాడనడానికి అవునా కాదా అన్న తూకంలో కాస్త మొగ్గు చాలు. సమాజానికి ప్రమాదం అనడానికి మాత్రం స్పష్టమైన, నమ్మదగిన ఆధారం కావాలి. మైనర్ల అక్రమ రవాణా అభియోగం ఉంటే నిర్బంధమే సబబన్న ఊహతో కోర్టు మొదలవుతుంది, దాన్ని నిందితుడే తిప్పికొట్టాలి. అతని లాయర్లు 55.9 కోట్ల డాలర్ల ఆస్తి ఉందని ఒక్క పేజీ లెక్క ఇచ్చారు. 7.7 కోట్ల డాలర్ల ఇల్లు హామీగా పెడతామన్నారు. జులై 18న జడ్జి రిచర్డ్ బెర్మన్ బెయిల్ నిరాకరించారు. సమాజానికి ప్రమాదమే తన నిర్ణయానికి గుండెకాయ అన్నారు. పారిపోయే అవకాశం రెండో కారణం. పాస్‌పోర్టు కథ మొత్తం నిజమని నమ్మినా ఫలితం మారేది కాదు.

ముద్రలబల్ల:
ఫలితం సంగతి ఒప్పుకుంటాను. కథ సంగతి ఒప్పుకోను. మన దగ్గరి కేసుతో పోల్చండి. గ్యాంగ్‌స్టర్ అబూ సలేం, నటి మోనికా బేడీల కర్నూలు పాస్‌పోర్టుల్లో పుస్తకం ప్రభుత్వం ఇచ్చిందే, లోపలి పేరు, చిరునామా అబద్ధం. అందుకే సాక్ష్యం దరఖాస్తులోనూ పోలీసు విచారణ నివేదికలోనూ దొరికింది. 2010లో సుప్రీంకోర్టు మోనికా బేడీ దోషిత్వాన్ని సమర్థించి, శిక్షను అప్పటికే అనుభవించిన కాలానికి తగ్గించింది. ఎవరు నింపారు, ఎవరు ధ్రువీకరించారు అన్నది కాగితం మీద ఉండటం వల్లే అంతదాకా వెళ్లింది. ఎప్‌స్టీన్ విషయంలో "ఒక స్నేహితుడు" అన్నారు. ఆ స్నేహితుడెవరు, ఏ ఊళ్లో ఇచ్చాడు, అతికించడానికి ఫొటో ఎవరు ఇచ్చారు? మనిషి తన ఫొటో ఇవ్వకుండా ఆ పుస్తకం తయారవదు కదండీ.

అట్లాంటా_తెలుగు:
ఆ ప్రశ్నలు ప్రమాణం చేయించి అడిగే అవకాశమే రాలేదు. ఆగస్టు 10న అతను జైల్లో చనిపోయాడు, నెలాఖరుకు కేసు మూసేశారు. ఫొటో కింది జిగురును కోర్టులో ఎవరూ పరీక్షకు పెట్టలేదు.