రెండు కళ్లలోనూ ఐరిస్ లేని పాప: మేనరికమేనా కారణం?

ప్రశ్న (ప్రకాశం జిల్లా, పీహెచ్‌సీ కంటి విభాగం)

కనిగిరి వైపు పల్లె నుంచి మూడు నెలల పాపను తెచ్చారు. టార్చి వేస్తే రెండు కళ్లలోనూ ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం) కనిపించడం లేదు, నల్లటి కంటిపాపే అంచు దాకా ఉంది. వెలుతురు పడితే మొహం తిప్పేసుకుంటోంది, కనుగుడ్లు ఊగుతున్నాయి. కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) 10.5 మి.మీ., తేటగా ఉంది. అమ్మానాన్నలది మేనరికం, ఇద్దరికీ చూపు బాగానే ఉంది. ఏడో నెలలో గ్రహణం చూసిందని ఇంట్లో తల్లిని సాధిస్తున్నారు. మేనరికం వల్లేనని రాసి పంపొచ్చా? ఏ పరీక్షలు చేయించాలి?

జవాబు 1 (జెనెటిక్స్)

మేనరికం అని రాయకండి. ఇది అనిరిడియా, అంటే పుట్టుకతోనే ఐరిస్ లేకపోవడం. 11వ క్రోమోజోమ్ మీదున్న పాక్స్-6 జన్యువు రెండు ప్రతుల్లో ఒక్కటి చెడినా చాలు, వచ్చేస్తుంది. కన్ను తయారయ్యేటప్పుడు మిగతా జన్యువులను పని మొదలుపెట్టించేది ఇదే. ప్రోటీన్ సగానికి పడిపోతే ఐరిస్, రెటీనా మధ్యభాగం పూర్తిగా ఏర్పడవు. ఈగలో దీనికి సమానమైన జన్యువును కాలి మీద పనిచేయిస్తే అక్కడే కన్ను మొలిచిందని 1995లో చూపించారు, అంత బలమైనది. సుమారు మూడో వంతు కేసుల్లో ఈ మార్పు బిడ్డలోనే కొత్తగా వస్తుంది. అది గర్భం నిలిచే నాటికే ఉంటుంది కాబట్టి ఏడో నెల గ్రహణానికి సంబంధమే లేదు. ఆ మాట నాయనమ్మను కూర్చోబెట్టి మీరే చెప్పండి, తల్లికి అదే పెద్ద ఊరట.

ఇప్పుడు తొందర కిడ్నీల గురించే. పాక్స్-6 పక్కనే డబ్ల్యూటీ-1 అనే మరో జన్యువు ఉంది. రెండూ కలిసి ఎగిరిపోతే వ్యాగర్ సిండ్రోమ్; అలాంటి పిల్లల్లో దాదాపు సగం మందికి విల్మ్స్ అనే కిడ్నీ క్యాన్సర్ గడ్డ వస్తుంది. ఈ సిండ్రోమ్‌లో జననాంగాల లోపాలూ ఉండొచ్చు గానీ, ఆడపిల్ల కనుక బయటికి ఏ లోపమూ కనిపించకపోవచ్చు, దాన్ని చూసి ధీమా పడొద్దు. ఈ వారమే ఒంగోలులో కడుపు స్కాన్ చేయించండి. జన్యు రిపోర్టు వచ్చేదాకా మూడు నెలలకోసారి. డబ్ల్యూటీ-1 లేదని తేలితే అదే లెక్కన ఎనిమిదేళ్లు వచ్చేదాకా. బాగానే ఉందని తేలితే ఆపేయొచ్చు.

జవాబు 2 (పిల్లల కంటి వైద్యం)

ఎక్కువగా పొరపాటు జరిగేది పరీక్ష రాయడంలో. ఎక్సోమ్ (జన్యువుల్లో ప్రోటీన్ కోడ్ ఉన్న భాగాలను చదివే పరీక్ష) ఒక్కటే రాస్తే, క్రోమోజోమ్‌లో ముక్కకు ముక్క పోయిన సంగతి దొరక్కుండా పోవచ్చు. క్రోమోజోమ్‌లను మైక్రోస్కోప్ కింద చూసే మామూలు కేరియోటైప్‌కు చిన్న లోపాలు ఆనవు. పాక్స్-6 సీక్వెన్సింగ్‌తో పాటు, పోయిన ముక్కలను పట్టే మైక్రోఅర్రే గానీ ఎంఎల్‌పీఏ గానీ తప్పకుండా రాయండి. రక్తం ఊదా మూత ఈడీటీఏ ట్యూబులో తీయాలి, డీప్ ఫ్రీజర్‌లో పెట్టకూడదు.

మేనరికం లెక్కలోకి వచ్చేది జన్యువు రెండు ప్రతులూ చెడితే వచ్చే జబ్బుల్లో, ఉదాహరణకు పుట్టుకతో వచ్చే గ్లాకోమాలో (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు). అందులో కార్నియా పెద్దదై మబ్బుగా ఉంటుంది, కన్ను నీరు కారుతుంది. మీరు కార్నియా కొలిచి రాయడం చాలా మంచిపని. కానీ అనిరిడియాలో గ్లాకోమా తర్వాత ఎప్పుడైనా రావచ్చు, కంటి ప్రెజర్ చూస్తూనే ఉండాలి.

ప్రశ్న వేసినవారు

అమ్మానాన్నల రక్తం కూడా అదే రోజు పంపాలా?

జవాబు 1

పంపితే మంచిది. అంతకన్నా ముందు ఇద్దరి కళ్లూ స్లిట్‌ల్యాంప్ (కంటి పరీక్ష మైక్రోస్కోప్) కింద చూడండి. కంటిపాప పక్కకు జరిగి ఉన్నా, ఐరిస్ అంచు కొంచెం తరిగినట్టున్నా అనుమానించాలి. ఒకరిలో ఆ మార్పు ఉంటే తర్వాతి కాన్పుకు అవకాశం 50 శాతం. ఇద్దరి రక్తంలోనూ లేకపోతే ఒక శాతం దగ్గరకు తగ్గుతుంది. అండంలోనో వీర్యంలోనో దాగి ఉండొచ్చు గనుక సున్నా అని మాత్రం చెప్పకండి.