డీజిల్ కారుకి పొగ రీకాల్ లెటర్ వచ్చింది. చేయించాలా, ఆగాలా?

పాతబండి:
అందరికీ నమస్కారం. నాది రెండు లీటర్ల డీజిల్ కారు, మాన్యువల్ గేర్లు. పొగలో మసిని పట్టే ఫిల్టర్ (డీపీఎఫ్) ఉంది, నైట్రోజన్ ఆక్సైడ్లని తగ్గించడానికి పొగలో చల్లే యాడ్‌బ్లూ ద్రవం ట్యాంకు లేదు. లక్షన్నర కిలోమీటర్లు దాటింది. ఇంజన్ ఇప్పటిదాకా నన్ను ఇబ్బంది పెట్టలేదు.

కంపెనీ నుంచి లెటర్ వచ్చింది. నైట్రోజన్ ఆక్సైడ్లు పరిమితికి మించి వస్తున్నాయట, సాఫ్ట్‌వేర్ మారుస్తారట, గంటలోపు పనట, డబ్బు కట్టక్కర్లేదట. పికప్, మైలేజీ ఏమీ మారవని కూడా రాశారు. నా అనుమానమంతా ఆ చివరి ముక్క దగ్గరే. ఏమీ మారనప్పుడు ఈ సాఫ్ట్‌వేర్ మొదట్లోనే ఎందుకు పెట్టలేదు? సర్వీస్ సెంటర్‌లో అడిగితే కౌంటర్ దగ్గరున్నాయన లెటర్‌లో ఉన్నదే మళ్ళీ చదివి వినిపించాడు.

ఎక్కువగా ఆఫీసుకి, ఇంటికి చిన్న దూరాలే తిరుగుతాను. హైవే ఎక్కడం ఎప్పుడో ఒకసారి. ఇప్పట్లో అమ్మే ఆలోచన లేదు. చేయించినవాళ్ళూ, వద్దనుకున్నవాళ్ళూ చెప్పండి. "పర్యావరణం కోసం చేయించెయ్" అని మాత్రం ఒక్క ముక్కలో తేల్చకండి. ఆ పట్టింపు నాకూ ఉంది, కానీ రేపు బండి మొరాయిస్తే బిల్లు పర్యావరణం కట్టదు కదా.

టార్క్‌రాజు:
వద్దన్నా. బాగా నడుస్తున్న ఇంజన్‌ని కెలకడం ఎందుకు? మా బావమరిది చేయించాడు. అప్పటినుంచి రెండో గేర్‌లో కిందనుంచి లాగడం తగ్గిందంటాడు. పాత సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించమంటే కుదరదన్నారు. లెటర్ డ్రాయర్‌లో పడేసి నీ పని చూసుకో.

మసిచేతులు:
నేను బయటి వర్క్‌షాప్‌లో డీజిల్ ఇంజన్ల మీదే పనిచేస్తాను. ఏ కంపెనీకీ ఉద్యోగిని కాను. పాతబండి గారు అడిగిన "మొదట్లోనే ఎందుకు పెట్టలేదు" అన్నది సరైన ప్రశ్న, దానికే ముందు జవాబు చెప్తాను.

డీజిల్ ఇంజన్‌లో మంట బాగా వేడెక్కి, ఆక్సిజన్ ఎక్కువగా ఉంటే నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. వాటిని తగ్గించడానికి కాలిన పొగలో కొంత ఈజీఆర్ వాల్వ్ ద్వారా మళ్ళీ లోపలికి పంపుతారు. మంట వేడి తగ్గుతుంది, ఆ ఆక్సైడ్లు తగ్గుతాయి. బదులుగా మసి పెరుగుతుంది. ఒకటి తగ్గిస్తే ఇంకొకటి పెరిగే ఈ తగాదా డీజిల్‌తోనే పుట్టింది. పెరిగిన మసి కొంత ఈజీఆర్ కూలర్‌లో, ఇంజన్‌లోకి గాలి వెళ్ళే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో పేరుకుంటుంది, మిగతాది డీపీఎఫ్‌లోకి పోతుంది. డీపీఎఫ్ నిండినప్పుడు దాన్ని కాల్చడానికి ఇంజన్ అదనంగా డీజిల్ చల్లుతుంది. అందులో కొంత సిలిండర్ గోడల మీదుగా జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. అంటే రోడ్డు మీద నిజాయితీగా నడిపితే ఏదో ఒక చోట మూల్యం ఉంటుంది. అది కట్టడం ఇష్టం లేకే కొందరు దొంగదారి పట్టారు.

2013లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ వాళ్ళు కార్లకి పరికరాలు బిగించి రోడ్డు మీద తిప్పి కొలిస్తే ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ కార్ల లెక్క ల్యాబ్ లెక్కతో కలవలేదు. 2015 సెప్టెంబర్ 18న అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ నోటీసు ఇచ్చింది. టెస్టు జరుగుతోందని సాఫ్ట్‌వేర్ పసిగట్టి అప్పుడు మాత్రం బుద్ధిగా ఉండేదని, రోడ్డు మీద పరిమితికి 40 రెట్ల దాకా వదిలేదని తేలింది. ప్రపంచం మొత్తం మీద దాదాపు 1.1 కోట్ల కార్లలో అది ఉందని కంపెనీయే ఒప్పుకుంది. తర్వాత యూరప్‌లో చేసిన రిపేరు కూడా తెలుసుకోండి. 1.2, 2.0 లీటర్ల ఇంజన్లకి సాఫ్ట్‌వేర్ ఒక్కటే మార్చారు. 1.6కి మాత్రం గాలిని కొలిచే సెన్సర్ ముందు చిన్న జాలీ లాంటి ప్లాస్టిక్ ముక్క కూడా పెట్టారు.

ఇప్పుడు మీ బండి సంగతి. యాడ్‌బ్లూ ఉన్న బండి అయితే కొత్త సాఫ్ట్‌వేర్ ఆ ద్రవాన్ని కాస్త ఎక్కువ వాడి పని కానిస్తుంది. ట్యాంకు తొందరగా ఖాళీ అవుతుంది, అంతే. మీకది లేదు కాబట్టి భారం ఎక్కువగా ఈజీఆర్ మీద, ఇంజెక్టర్లు డీజిల్ చిమ్మే సమయం (ఇంజెక్షన్ టైమింగ్) మీద పడుతుంది. పైగా చిన్న దూరాలు అంటున్నారు. ఇంజన్ సరిగ్గా వేడెక్కకముందే ఆపేస్తే డీపీఎఫ్ కాల్చుకునే పని సగంలో ఆగిపోతుంది. మా దగ్గరకి వచ్చే బండ్లలో రీకాల్ తర్వాత ఇంజన్ హెచ్చరిక లైటు వెలిగినవాటిలో చాలావాటికి ఈజీఆర్ వాల్వ్ అంతకుముందే మసిపట్టి బిగుసుకుపోయి ఉంది. పాత సాఫ్ట్‌వేర్ దాన్ని పెద్దగా వాడలేదు కాబట్టి బయటపడలేదు. రోజూ హైవే మీద తిరిగే బండ్లకి తేడా తెలియలేదన్నవాళ్ళే ఎక్కువ.

నా మాట: చేయించండి, కానీ వాళ్ళు పిలిచిన రోజున కాదు. ముందు స్కానర్ పెట్టించి డీపీఎఫ్‌లో మసి ఎంత, బూడిద ఎంత, చివరిసారి కాల్చుకుని ఎన్ని కిలోమీటర్లైంది, ఈజీఆర్ వాల్వ్ అడిగినంత తెరుచుకుంటోందా, ఇంజెక్టర్ల దిద్దుబాటు అంకెలు ఎలా ఉన్నాయి, సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబరు ఎంత, అన్నీ ప్రింట్ తీసుకోండి. రేపు గొడవైతే "ఇది మీ బండికి ముందునుంచే ఉంది" అనే మాటకి మీ దగ్గర జవాబు ఆ కాగితం ఒక్కటే.

చట్టంపుస్తకం:
టార్క్‌రాజు గారూ, డ్రాయర్‌లో పడేయడం అన్ని చోట్లా కుదరదు. జర్మనీలో ఈ రీకాల్ తప్పనిసరి చేశారు, చేయించని బండ్లను రోడ్డెక్కకుండా ఆపేశారు కూడా. మీ దేశంలో ఫిట్‌నెస్‌కీ రిజిస్ట్రేషన్‌కీ దీనికీ ముడి ఉందేమో లెటర్‌లోనే వెతకండి. సెకండ్ హ్యాండ్‌లో అమ్మేటప్పుడు ఛాసిస్ నంబరుతో పెండింగ్ రీకాల్ చూసేవాళ్ళూ ఉంటారు.

ఇంకో సంగతి. 2022 జులైలో యూరప్ న్యాయస్థానం ఫోక్స్‌వ్యాగన్ చేసిన ఆ సాఫ్ట్‌వేర్ రిపేరునే తప్పుబట్టింది. బయట వాతావరణం 15 నుంచి 33 డిగ్రీల మధ్య ఉంటేనే ఈజీఆర్ పూర్తిగా పనిచేసేలా రాశారట. అలా ఎందుకంటే విడిభాగాలు మసిపట్టి పాడవుతాయి అన్న వాదన వచ్చింది. ఉత్త అరుగుదల కారణంగా చూపితే చాలదు, నడుస్తున్న బండికి అప్పటికప్పుడు ప్రమాదం ఉంటేనే ఒప్పుకుంటాం అని కోర్టు తేల్చింది. పాతబండి గారి భయం ఉత్త పుకారు కాదని దీంతోనే తెలుస్తోంది. కాబట్టి వెళ్ళేముందు రాతపూర్వకంగా ఒకటి అడగండి: ఈ అప్‌డేట్ తర్వాత ఈజీఆర్, డీపీఎఫ్, ఇంజెక్టర్లకి ఎంతకాలం బాధ్యత తీసుకుంటారు? అమెరికాలో రిపేరు చేయించుకున్నవాళ్ళకి ఈ భాగాల వారంటీ పొడిగించారు. అడగనివాడికి ఎవరూ పిలిచి ఇవ్వరు.

గాలిమర:
ఇంట్లో ఆస్తమా ఉన్న పిల్ల ఉంది, అందుకే రాస్తున్నా. నైట్రోజన్ డయాక్సైడ్ ఊపిరితిత్తుల గొట్టాలని మండిస్తుంది, ఎండ తగిలితే ఓజోన్ తయారవడానికి కూడా అదే ముడిసరుకు. రెండో గేర్‌లో లాగుడు తగ్గిందని బాధపడేవాళ్ళు సిగ్నల్ దగ్గర వెనక బండిలో అద్దం దించుకుని కూర్చున్నవాళ్ళని కూడా ఒకసారి తలుచుకోండి. మావాడు ఇప్పటికే చేయించాడు, పెడల్ తొక్కగానే క్షణం ఆలస్యంగా కదులుతోందంటాడు. నేను నడిపితే నాకేమీ తెలియలేదు.

టార్క్‌రాజు:
సరే అమ్మా, నా మాట కొంచెం వెనక్కి తీసుకుంటా. కానీ పికప్ కోసం బయట ఇంజన్ సాఫ్ట్‌వేర్ మార్పించి రీమ్యాప్ చేయించుకున్నవాళ్ళు జాగ్రత్త. కొత్త సాఫ్ట్‌వేర్ పడితే అది తుడిచిపెట్టుకుపోతుంది. మామూలు సర్వీస్‌కి ఇచ్చినా చెప్పకుండా అప్‌డేట్ కొట్టేసే చోట్లు ఉన్నాయి. జాబ్ కార్డు మీద "అడగకుండా సాఫ్ట్‌వేర్ మార్చొద్దు" అని రాయించి సంతకం పెట్టించండి.

పాతబండి:
మసిచేతులు గారూ, మీరన్నట్టే స్కాన్ చేయించాను. డీపీఎఫ్ అంకెలు బాగానే ఉన్నాయన్నారు, ఇంజెక్టర్లూ పరవాలేదు. ఈజీఆర్ దగ్గరే తేడా వచ్చింది. ఇంజన్ సగం తెరవమంటే వాల్వ్ పావు దగ్గరే తడబడుతోంది. లైటు మాత్రం వెలగలేదు. వారంటీ గురించి మెయిల్ పెట్టాను, "పరిశీలిస్తున్నాం" అని వచ్చింది. ఇప్పుడు ఏది ముందు? ఆయిల్ మార్చే టైమ్ కూడా దగ్గరపడింది.

మసిచేతులు:
ఈజీఆర్ ముందు. విప్పించి శుభ్రం చేయించండి, వాల్వ్ స్పిండిల్ అప్పటికీ బిగుసుకుంటుంటే మార్పించండి. మానిఫోల్డ్ మూతి దగ్గర మసి ఎంత మందంగా ఉందో ఫోటో తీయించుకోండి. ఆ తర్వాత మళ్ళీ స్కాన్, ఆ ప్రింట్‌తోనే రీకాల్‌కి వెళ్ళండి. ఈలోగా వారంటీ మెయిల్‌కి జవాబు రాకపోతే ఇంకోటి పెట్టండి, ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు.

ఆయిల్ కూడా రీకాల్‌కి ముందే మార్చండి. డీపీఎఫ్ బండికి సరిపడే లో-సాప్స్ (బూడిద తక్కువ వచ్చే) రకమే పోయించి, డిప్‌స్టిక్ మీద మట్టం ఎక్కడుందో ఫోటో పెట్టుకోండి. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆ మట్టం పైకి పాకుతుంటే ఆయిల్‌లో డీజిల్ కలుస్తోందని అర్థం. అప్పుడు మ్యాన్యువల్‌లో రాసిన గడువు దాకా ఆగొద్దు, ఆయిల్ ముందే దించేయాలి.