గువ్వలచెరువు ఘాట్ దిగుతాంటే బ్రేకులు కాలుతాండాయి, ఎట్ల దిగాలన్నా?

కొత్తడ్రైవరు_కడప:
అన్నలూ, పది టైర్ల బండి ఎక్కి నాలుగు నెల్లయింది. మొన్న చిత్తూరు సైడు నుంచి ఇనుము లోడుతో కర్నూలు పోతా గువ్వలచెరువు ఘాట్ దిగినా, ఐదో గేర్లో బ్రేకు మీద కాలు తీయకుండా వచ్చినా, సగం దిగేసరికి కాలిన వాసన, పెడలు ఎంత తొక్కినా బండి నిలబడ్ల్యా, బ్రేకుల్ని పనిచేయించే గాలి మాత్రం గేజీలో ఫుల్లుగానే ఉంది. కిందికొచ్చి చూస్తే ఎనక చక్రాల బ్రేకు డ్రమ్ముల కాడ పొగ. ఓనరేమో న్యూట్రల్‌లో దిగు, డీజిల్ మిగుల్తాదంటాడు.

పాతబండి:
గాలి ఉండీ పట్టలేదంటే అది వేడి పని తమ్ముడూ. డ్రమ్ముకు లోపల రాసుకునే లైనర్ కాలి పట్టు పోతాది, డ్రమ్మేమో వేడికి వ్యాకోచించి లైనర్‌కు దూరమైతాది, ఇంక ఎంత తొక్కినా ఏం లాభం. పైన పాలకోవా అంగళ్ల కాడే గేరు తగ్గిచ్చుకో, ఎగ్జాస్ట్ బ్రేక్ (ఇంజన్ పొగదారి మూసి బండిని నిదానం చేసేది) వేసుకో. దిగుడులో పడినాక మార్చబోతే గేరు పడక న్యూట్రల్‌లో ఉండిపోతావు, అప్పుడు దేవుడే దిక్కు. బండిని ఇంజన్ పట్టుకోవాల, బ్రేకు సాయానికే.

సీమ_లారీ:
మా గురువు లైటుగా పట్టుకోనే దిగమనేవాడు, నేనట్లే దిగుతా.

పాతబండి:
అదే కదబ్బా ఈ పిల్లోడు చేసింది! 30 స్పీడులో దిగాలనుకుంటే, 30 తగల్తానే గట్టిగా తొక్కి 22కు తెచ్చి, పూర్తిగా వదిలేయ్. మళ్లా 30కి వస్తే మళ్లా తొక్కు. మధ్యలో డ్రమ్ములకు కాస్త ఊపిరాడుతాది. ఊరికే టకటకా కొట్టొద్దు, గాలి అయిపోతాది.
న్యూట్రల్ సంగతంటావా, కామన్ రైల్ బండి (కంప్యూటరే డీజిల్ కొలిచి పంపే ఇంజన్ది) గేర్లో ఉండి యాక్సిలేటర్ వదిల్తే దిగుడులో డీజిలే పోదు, న్యూట్రల్‌లో అయితే ఐడిల్‌కు తాగుతాది. మీ ఓనరును ఒకసారి పక్కన కూర్చోబెట్టుకోని దిగు.

షెడ్డు_మెకానిక్:
స్లాక్ అడ్జస్టర్లు (లైనర్‌కూ డ్రమ్ముకూ మధ్య సందు సరిచేసేవి) చూపించు, ఒక చక్రం లూజుంటే దాని పని కూడా మిగతావాటి మీదే పడతాది. పొగ వస్తే నీళ్లు మాత్రం పోయొద్దు, డ్రమ్ము పగుల్తాది. మట్టసంగా ఉన్నకాడ ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి, చల్లారినాక కదులు.

కొత్తడ్రైవరు_కడప:
చూపిచ్చినా అన్నా, ఎనక ఎడమపక్కది పూర్తిగా లూజంట. నీళ్లు కూడా పోసేసినా ఆ పొద్దు, డ్రమ్ము ఇప్పి చూడాలేమో?

షెడ్డు_మెకానిక్:
రేపే ఇప్పించు.