అప్‌డేట్: సమాధి భయం పట్టుకున్న మా అబ్బాయి

మా అత్తగారు పోయాక, ఎనిమిదేళ్ల మా అబ్బాయి "దాదీ సమాధిలో ఒక్కతే ఎలా ఉంటుంది?" అని రాత్రిళ్లు ఏడుస్తున్నాడని, వాడికి ఏం చెప్పాలని అడిగాను. జవాబిచ్చిన అందరికీ షుక్రియా.

అల్లాహ్ కారుణ్యంతో మొదలుపెట్టమన్న సలహానే పట్టుకున్నాను. ఆయన కారుణ్యాన్ని వంద భాగాలు చేసి ఒక్కటే భూమికి పంపాడని, గుర్రం తన పిల్లను తొక్కకుండా గిట్ట పైకెత్తేది కూడా ఆ ఒక్క భాగం వల్లనేనని హదీసు (ప్రవక్త మాట) చెప్పాను. "మరి మిగతా తొంభై తొమ్మిది?" అన్నాడు వెంటనే. ఖియామత్ రోజు, అంటే తీర్పుదినం కోసం దాచాడన్నాను. లెక్కలంటే ఇష్టం కదా, ముఖం వెలిగింది.

మరణానికీ తీర్పుదినానికీ మధ్య ఉండే బర్జఖ్ గురించి క్లుప్తంగా చెప్పాను. సమాధిలో మున్కర్, నకీర్ దూతలు వేసే మూడు ప్రశ్నలూ చెప్పాను: నీ ప్రభువెవరు, నీ ధర్మమేది, నీ ప్రవక్త ఎవరు? "ఇవి దాదీకి వచ్చు. నాకు నేర్పిందే ఆవిడ" అన్నాడు!

శిక్షల వర్ణన మాత్రం ఇప్పుడు వద్దనుకున్నాను. భయం లేనిదే పిల్లలు నమాజు చదవరని మా ఆడబిడ్డ వాదన. నేను ఒప్పుకోను.

మనిషి పోయాక కూడా నిరంతర దానం (జనానికి పనికొస్తూనే ఉండేది), పనికొచ్చే విద్య, సంతానం చేసే దువా (ప్రార్థన), వీటి పుణ్యం చేరుతూనే ఉంటుందని చెప్పడం బాగా పనిచేసింది. దాదీ పేరున వీధి చలివేంద్రానికి తన డిబ్బీ డబ్బులతో కుండ కొనిపించాడు. ఇప్పుడు నిద్రపోతున్నాడు.

నరకం గురించి మీ పిల్లలకు ఏ వయసులో చెప్పారు?