తండ్రికి బదిలీ అయితే కుమార్తె స్థానికత ఏమవుతుంది?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి ఒక తల్లి):
నమస్కారమండీ. ప్రైవేటు సంస్థలో పనిచేసే మా వారికి పుణెకు బదిలీ అయింది. మా అమ్మాయి తొమ్మిది, పది తరగతులు హైదరాబాద్‌లోనే చదివింది. ఇంటర్ అక్కడ చదివించి, ఎంబీబీఎస్ కౌన్సెలింగ్‌కు ఇక్కడికి వస్తే స్థానికురాలిగా పరిగణిస్తారా?

సమాధానం:
పరిగణించరండీ. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం వెలువరించిన జీవో 33 ప్రకారం, అర్హత పరీక్షతో (ఇక్కడ ఇంటర్‌తో) ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా, తెలంగాణలోనే చదివి, ఆ పరీక్ష ఇక్కడే రాసి ఉండాలి. సొంత ఇల్లు, ఆధార్ చిరునామా ఆ చదువుకు బదులు కావు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కూడా ఈ నిబంధనను సమర్థించింది. నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మరొకటి: మహారాష్ట్ర కోటాకు పదో తరగతి, పన్నెండో తరగతి రెండూ ఆ రాష్ట్రంలోనే ఉత్తీర్ణులై ఉండాలి కనుక, అమ్మాయి రెండు చోట్లా స్థానికేతరురాలవుతుంది. ప్రభుత్వ కళాశాలల్లో స్థానికతతో పనిలేని 15 శాతం అఖిల భారత కోటా మాత్రం మిగులుతుంది.

మరొకరు:
రాష్ట్ర ప్రభుత్వోద్యోగులు, తెలంగాణ కేడర్ అఖిల భారత సర్వీసు (ఐఏఎస్, ఐపీఎస్ వంటి) అధికారులు, తెలంగాణకు చెందిన సైనికులు విధుల రీత్యా బయట ఉంటే వారి పిల్లలకు మినహాయింపు ఉంది. ప్రైవేటు ఉద్యోగులకు అది వర్తించదు.

ప్రశ్న అడిగినవారు:
అయితే అమ్మాయిని అమ్మమ్మ దగ్గర ఉంచి ఇక్కడే ఇంటర్ చదివిస్తే, తండ్రి పుణెలో ఉండటం అడ్డు కాదా?

సమాధానం:
కాదండీ, ఇక్కడ చూసేది అమ్మాయి చదువునే. నాలుగేళ్ల స్టడీ సర్టిఫికెట్లు ఇప్పటి నుంచే జాగ్రత్తగా తీసుకొని పెట్టుకోండి.