యెరూషలేములో ఒక పూట దొరికితే ఏ రోమన్ వీధి చూడాలి?

పటమట_సందులు:
మాది విజయవాడ. అమ్మతో హోలీ ల్యాండ్ టూర్‌కి వెళ్తున్నాను, జోర్డాన్ మీదుగా ఇజ్రాయెల్, అక్కడి నుంచి ఈజిప్టు, అందరూ వెళ్లే రూటే. యెరూషలేములో శనివారం మధ్యాహ్నం నుంచి ఖాళీ ఇచ్చారు. గ్రూపులో అందరూ షాపింగ్ అంటున్నారు, నాకేమో పాత రాళ్ల పిచ్చి. పాత పట్టణంలో ఇళ్ల మధ్య, ఇప్పటి నేల కంటే కింద, కార్డో అనే రోమన్ వీధి స్తంభాలతో సహా ఉందని ఒక వీడియోలో చూశాను. యేసు ప్రభువు నడిచిన వీధి అదేనని అందులో చెప్పేసరికి అమ్మ కూడా వస్తానంటోంది. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. వెళ్లొచ్చా, లేక టెన్షన్ పెట్టుకోకుండా హోటల్లో కూర్చోవడమే మేలా?

బ్రాడీపేట_నాలుగో_లైన్:
వెళ్లండి, కానీ అమ్మగారికి ముందే ఒక మాట చెప్పండి. కార్డో యేసు కాలం నాటిది కాదు. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేమును నేలమట్టం చేశారు, ఆ తర్వాత దాదాపు అరవై ఏళ్లకి హేడ్రియన్ చక్రవర్తి ఆ శిథిలాల మీద ఏలియా కాపిటోలినా అని కొత్త రోమన్ ఊరు కట్టించాడు, దానికి నడివీధి ఈ కార్డో. అదీ ఉత్తరం వైపు భాగమే. మీరు వీడియోలో చూసిన యూదుల పేటలోని స్తంభాలు ఇంకా తర్వాతివి, ఆరో శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి హయాంలో వీధిని దక్షిణానికి పొడిగించినప్పటివి. గైడ్లు అన్నిటినీ కలిపి రోమన్ వీధి అనేస్తారు, వాళ్లకి ఇరవై నిమిషాల్లో బస్సు ఎక్కించాలి కదా.

ప్రభువు కాలానికి దగ్గరగా ఉన్న వీధి కావాలంటే పాత దేవాలయ ప్రాంగణపు పశ్చిమ గోడకి దక్షిణం మూలన ఉన్న పురావస్తు పార్కుకి వెళ్లాలి, డేవిడ్సన్ సెంటర్ అంటారు. అక్కడ మొదటి శతాబ్దపు వీధి ఉంది, ఒక పక్కన షాపుల గదులతో సహా. దేవాలయాన్ని పడగొట్టినప్పుడు రోమన్లు పైనుంచి తోసేసిన రాళ్లు ఆ వీధి మీద పడినవి పడినట్టే ఉన్నాయి, ఆ బరువుకి కింద పరిచిన పలకలు పగిలి కుంగిపోయాయి. రాతి మీద రాయి నిలవదని దేవాలయం గురించి ప్రభువు అన్న వాక్యం ఆదివారం ఎన్నిసార్లు విన్నా, ఆ గుట్ట ముందు నిలబడితే వేరేగా ఉంటుంది. ఆ పలకలు కూడా యేసు తర్వాత పరిచినవేనని కొందరు పండితులంటారు, యేసుకి తీర్పు తీర్చిన రోమన్ అధిపతి పిలాతు కాలం నాటివని ఇంకొందరు. ఎటు చూసినా కార్డో కంటే పాతవి.

మిర్చియార్డ్_గుంటూరు:
పైన చెప్పింది కరెక్టే గానీ కార్డోని మరీ తీసిపారేయకండి బ్రదర్. పటమట గారూ, మీరు జోర్డాన్ మీదుగా వెళ్తున్నారు కాబట్టి అక్కడ నెబో కొండతో పాటు మదబా అనే ఊరు కూడా చూపిస్తారు. అక్కడ సెయింట్ జార్జ్ చర్చి నేల మీద ఆరో శతాబ్దపు మొజాయిక్ పటం ఉంది, అందులో యెరూషలేము మధ్యగా రెండు వరుసల స్తంభాలతో ఒక వీధి కనిపిస్తుంది. అదే కార్డో. 1970లలో యూదుల పేటలో తవ్వినప్పుడు పటంలో ఉన్నట్టే వీధి బయటపడింది. మొత్తం వెడల్పు 22 మీటర్ల పైమాటే, మధ్యలో దారి, రెండు పక్కలా కప్పు వేసిన నడవాలు. మదబాలో ఆ పటం ఫోటో తీసుకుని, ఇక్కడ స్తంభాల పక్కన పెట్టి చూడండి, మజా వస్తుంది.

ఇంకోటి, రోమన్లంటే మనకి ఎక్కడో దూరం వాళ్లనుకుంటాం గానీ నాగార్జునకొండ తవ్వకాల్లో తిబెరి కైసరు బంగారు నాణెం దొరికింది. లూకా సువార్తలో పేరున్న ఆ కైసరే.

కృష్ణలంక_కట్ట:
అసలు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. శనివారం అంటున్నారు! ఆ రోజు యూదులకి సబ్బాతు, అంటే విశ్రాంతి దినం, డేవిడ్సన్ సెంటర్ మూసేస్తారు, యూదుల పేటలో షాపులు కూడా ఉండవు. కార్డోలో ఆరుబయట ఉన్న స్తంభాలు మాత్రం చూడొచ్చు. ముస్లిం, క్రైస్తవ పేటలు మామూలుగానే ఉంటాయి కాబట్టి ఆ పూటకి యేసు సిలువ మోసిన దారిగా చెప్పే వయా డొలొరోసా మీద ఉన్న 'ఎక్కే హోమో' అనే నన్‌ల మఠం పెట్టుకోండి, కింద పెద్ద రాతి పలకల నేల ఉంది. పిలాతు తీర్పు తీర్చిన 'రాళ్లు పరచిన స్థలము' అదేనని చాలాకాలం నమ్మారు, అదీ హేడ్రియన్ కాలం నాటిదేనని తర్వాత తేలింది. రోమన్లు ఆటల కోసం గీసుకున్న గీతలు ఆ పలకల మీద ఇంకా ఉన్నాయి.

పటమట_సందులు:
అమ్మో, శనివారం సంగతి తెలీదు. సిలోయము కోనేరు నుంచి దేవాలయం వరకు మెట్ల దారి ఒకటి తవ్వారట కదా, అది?

బ్రాడీపేట_నాలుగో_లైన్:
చరిత్ర వరకు చూస్తే అన్నిటికంటే గట్టిది అదే. పలకల కింద దొరికిన నాణేలను బట్టి పిలాతు హయాంలో వేసిందని 2019లో ప్రకటించారు. పొడవు 600 మీటర్లు. కానీ అది సిల్వాన్‌లో పాలస్తీనా వాళ్ల ఇళ్ల కింద సొరంగంలో ఉంది, దాని మీద పెద్ద గొడవే నడుస్తోంది. పైగా ఎక్కుడు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి వద్దంటాను.

మీ కోఆర్డినేటర్‌ని అడిగి డేవిడ్సన్‌ని శుక్రవారం పొద్దునకి మార్పించుకోండి, ఎలాగూ ఆ గ్రూపుని పశ్చిమ గోడకి తీసుకెళ్తారు కదా. బస్సు పాత పట్టణపు డంగ్ గేట్ దగ్గర ఆగుతుంది, లోపలికి అడుగు పెట్టగానే పార్కు. అమ్మగారిని రాళ్ల గుట్ట వరకు నెమ్మదిగా తీసుకెళ్లండి, దక్షిణం వైపు మెట్లు ఎక్కించొద్దు.

కృష్ణలంక_కట్ట:
చెప్పులతో మాత్రం వెళ్లొద్దు సిస్టర్. ఆ సున్నపురాళ్లు అరిగి నున్నగా ఉంటాయి, చినుకు పడితే జారుడే. ఇద్దరికీ పట్టు ఉన్న బూట్లు ఇక్కడే కొని, వారం ముందు నుంచి ఇంట్లో వేసుకుని అలవాటు చేసుకోండి.